తీసేయాల్సిన లైను

గవరయ్య టీ కొట్టులో దేవుడి పటం పక్కన ఒక పచ్చకాగితం అద్దం కట్టి వేలాడుతుంటుంది. 'టీ కాచుట: పదకొండేళ్ల నాలుగు నెలలు' అని దానిమీద అచ్చయి ఉంటుంది. ఆ కాగితం రాకముందు గవరయ్య తనది ముప్పై ఏళ్ల పైమాటేనని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. వచ్చాక ఆ మాట ఎత్తడం మానేసి తల వంచుకుని గ్లాసులు కడుక్కుంటున్నాడు. ఎదురుగా బట్టల కొట్లో, పక్కన సెలూన్లో, ఆ పైన ప్లీడరు గారి గదిలో, గోడగోడకీ ఇలాంటి కాగితాలే.

2056 నాటికి కాకినాడలో ఎవరింటికి పెళ్లిచూపులకి వెళ్లినా కాఫీ కంటే ముందు కాగితం బయటికి వస్తోంది. పదేళ్లు నిండినవాళ్లది పచ్చకాగితం, వాళ్లు నిపుణులు. నిండనివాళ్లది పసుపు కాగితం, వాళ్లు సహాయకులు. పసుపు కాగితం వాళ్లు సొంతంగా పని పట్టకూడదు, ఎవరో ఒక పచ్చకాగితం కింద చేరాలి. గాంధీనగర్‌లో సంగీతం మాస్టారికి ఏడేళ్లే రావడంతో ఆయన ఇప్పుడు తన శిష్యురాలి దగ్గరే సహాయకుడిగా చేరి పిల్లలకి సరళీస్వరాలు చెబుతున్నాడు. ఆవిడ ఆయన్ని ఇంకా మాస్టారనే పిలుస్తుంది, హాజరు మాత్రం తీసుకుంటుంది.

ఇదంతా ఎలా వచ్చిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. బయోడేటాలు రాసిపెట్టే యంత్రాలు వచ్చిన కొత్తల్లో జనం సంబరపడ్డారు. అయిదేళ్లు తిరిగేసరికి దేశంలో పనిరానివాడంటూ ఒక్కడూ మిగల్లేదు. అందరి బయోడేటాల్లోనూ అవే సుగుణాలు, అవే విజయాలు, అదే ఇంగ్లీషు. ఇంటర్వ్యూకి వచ్చేవాళ్లు చెవిలో యంత్రం దూర్చుకుని, అది చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పేవాళ్లు. ఒక వంతెన పనికి ఇంజనీరుగా చేరినవాడు ఆర్నెల్లు పోయాక సిమెంటు నీళ్లతో కలపాలా, నూనెతో కలపాలా అని మేస్త్రీని అడిగాడట.

అప్పుడు వచ్చింది అనుభవమాని. హైదరాబాదులో డాక్టర్ నీలాద్రి అనే నాడీశాస్త్రవేత్త దాన్ని కనిపెట్టాడు. దాని సూత్రం కష్టమైంది కాదు. మనిషి ఒక పనిని మళ్లీ మళ్లీ చేస్తుంటే, ఆ పనికి వాడే నాడుల చుట్టూ మైలిన్ అనే కొవ్వుపదార్థం పొరలు పొరలుగా పేరుకుంటుంది. దీన్ని ఆయన నాడీతొడుగు అన్నాడు. ఏ నాడిమీద తొడుగు ఎంత మందాన ఉందో ఒక సెన్సర్, అంటే గ్రాహకం, చర్మం పైనుంచే చదివి, అది ఎన్నేళ్ల పనికి సమానమో లెక్క కడుతుంది. నోరు ఎన్నేళ్లయినా చెబుతుంది, నాడి అలా చెప్పలేదు అనేవాడు ఆయన. ఆ మాట ప్రభుత్వానికి నచ్చింది, జనానికి ఇంకా నచ్చింది. పక్కవాడి బండారం బయటపడుతుందంటే ఎవరికి మాత్రం నచ్చదు?

యంత్రం ముందు కూర్చుంటే తలమీద ఒక టోపీ, చేతులకి రెండు తొడుగులు పెడతారు. పేరేమిటి, పనేమిటి, ఎన్నేళ్లుగా చేస్తున్నారు అని తెర మూడు ప్రశ్నలు అడుగుతుంది. మూడో ప్రశ్న ఎందుకంటే, పోల్చి చూసుకోవడానికని కార్యాలయం వాళ్లు చెబుతారు. మనం చెప్పిన అంకె కాగితంమీద రాదు, మరెక్కడా కనబడదు. పదకొండు నిమిషాలు గుయ్యిమని మోగాక కాగితం వస్తుంది. చూసుకున్నవాడి మొహం ఒక్క క్షణం ఎర్రబడుతుంది. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుని వెళ్లిపోతాడు. గొడవ పెట్టుకునేవాళ్లు చాలా అరుదు.

ఈ కొలతకి అందరికంటే చివర మిగిలినవాళ్లు ఫ్రీలాన్సర్లు. ఎవరి కిందా లేనివాళ్లని ఏ జాబితాలో వెయ్యాలో ప్రభుత్వానికి పదేళ్లు తెలియలేదు. చివరికి వాళ్లకీ ఒక గడువు పెట్టారు. గుడిమెట్ల అనసూయ గడువు దాకా ఆగకుండా మొదటి వారంలోనే పేరు రాయించుకుంది.

అనసూయ వెబ్ నిర్మాత. వయసు నలభై తొమ్మిది. రామారావుపేటలో మేడమీద గదిలో కూర్చుని పాతికేళ్లుగా వెబ్‌సైట్లు కట్టింది. ఐసు ఫ్యాక్టరీకి కట్టింది, కల్యాణమండపానికి కట్టింది, చేపల వేలంపాటకి కట్టింది, పూతరేకులు అమ్మే ఇద్దరు అక్కచెల్లెళ్లకి కట్టింది. చూసేవాళ్లకి కనిపించే ముందుతెర, కనిపించకుండా లెక్కలు చూసే వెనుకగది రెండూ తనే రాసేది. యంత్రాలు క్షణంలో కోడ్ రాసిపెడుతున్న రోజుల్లో కూడా తన కోడ్ తనే రాసుకునేది, ఏ లైను ఎందుకుందో పక్కనే తెలుగులో ఒక వ్యాఖ్య రాసేది. తెరమీద తెలుగు నిలబెట్టడంలో ఆమెకి సాటి లేదు. వత్తు ఊడినా, కొమ్ము పక్కకి జారినా, అక్షరాలు మొత్తం డబ్బాలైపోయినా కాకినాడ నుంచి కర్నూలు దాకా ఆమెకే కబురు వచ్చేది.

ఇంత చేసినా చూపించుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఐసు ఫ్యాక్టరీ మూతపడింది, దాంతో సైటూ పోయింది. అక్కచెల్లెళ్లు విడిపోయారు, ఆ సైటూ పోయింది. తను చేసిన పనుల జాబితాలో నూట నలభై చిరునామాలున్నాయి. ఒక్కొక్కటే నొక్కితే నూట ముప్పై తొమ్మిది చోట్ల 'ఈ పుట దొరకలేదు' అని వస్తుంది. మిగిలినదాన్ని ఎవరో కొనుక్కుని అందులో జుట్టు మొలిచే మందు అమ్ముతున్నారు. ఇక చుట్టాల్లో ఫ్రీలాన్సర్ అన్న మాటకి 'పాపం, దానికింకా ఏమీ దొరకలేదు' అని అర్థం.

ఆమె ఎవరి కిందా చేరకపోవడానికి కారణం ఉంది. ఇరవై నాలుగేళ్ల వయసులో హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీ గదిలో, ఎన్నేళ్లు పెట్టమంటావమ్మా అని ఆమెని అడిగారు. ఆ వృత్తిలో అనుభవం సంపాదించేది కాదు, పెట్టేది. బయోడేటాలో ఎక్కడా లేని కంపెనీ పేరుతో మూడేళ్లు పెట్టిస్తే ఉద్యోగం వస్తుంది. ఒకటి చేస్తే మూడు పెట్టు అనేది అక్కడి లెక్క. తోటివాళ్లంతా మూడేసి పెట్టుకుని చేరిపోయారు. అనసూయ ఉన్నదున్నట్టు సున్నా అని రాసింది, ఇంటికొచ్చేసింది. ఆ కోపంతోనే సొంతంగా మొదలుపెట్టింది. అందుకే అనుభవమాని సంగతి విన్న రోజు ఆమెకి నిజంగా సంతోషం కలిగింది. పెట్టినవాళ్ల గుట్టు తెలుస్తుంది, చేసినవాళ్ల సంగతీ తెలుస్తుంది అనుకుంది.

యంత్రం మూడో ప్రశ్న అడిగినప్పుడు ఇరవై అయిదు అని చెప్పింది. పదకొండు నిమిషాల తర్వాత వచ్చిన కాగితం పసుపుది. 'వెబ్ నిర్మాణం: ఎనిమిదేళ్ల ఎనిమిది నెలలు.'

కార్యాలయం అధికారిణి శేషారత్నం నెమ్మదస్తురాలు. ఇలాంటి మొహాలు రోజుకి నలభై చూస్తుంది.

"ఇది నాది కాదండి," అంది అనసూయ.

"పేరు చూసుకోండి, మీదేనండి."

"పాతికేళ్లు చేశానండి నేను. ఒక్క రోజు ఎక్కువ చెప్పలేదు."

"అందరూ అదే అంటారండి. నాకు కాగితం వచ్చిన రోజున నేనూ అదే అన్నాను," అంది శేషారత్నం, విసుగు లేకుండానే. నెలలోపు ఇంకొక్కసారి కూర్చోవచ్చని, కానీ చాలామందికి అప్పుడు ఇంకా తక్కువే వస్తుందని, రెండోసారి అబద్ధం చెబితే జన్మంతా పసుపేనని గోడమీద బోర్డు చూపించింది.

ఆ సాయంత్రమే ఒక ఫోను వచ్చింది. అప్పట్లో మూడేళ్లు పెట్టుకుని చేరిన స్నేహితురాలు. ఆవిడకి పన్నెండేళ్ల పచ్చకాగితం ఉంది. "నా కింద చేరిపోవే, నిన్నేం ఇబ్బంది పెట్టన్లే," అంది ఆప్యాయంగా. ఆప్యాయంగా అనడమే అనసూయకి ఎక్కువ బాధ కలిగించింది. ఆలోచించి చెబుతానంది.

తర్వాత వారం రోజులూ ఆమె తన పాతికేళ్లనీ తనే తీసివేసుకుంటూ కూర్చుంది. వేరేవాళ్ల కోడ్ చూసి రాసినవి తీసెయ్యాలి. మరిచిపోయినవాళ్లకి పాస్‌వర్డులు మళ్లీ మళ్లీ పంపుతూ గడిపిన రోజులు తీసెయ్యాలి. అమ్మకి ఒంట్లో బాగోలేక సగం మనసుతో చేసిన రెండేళ్లు తీసెయ్యాలి. 'లోగో కొంచెం పెద్దది చెయ్యండి' అంటే పెద్దది, 'చిన్నది చెయ్యండి' అంటే చిన్నది చేసిన నెలలన్నీ కలిపితే ఎంతవుతాయో. అలా తీసుకుంటూ పోతే ఎనిమిదేళ్ల ఎనిమిది నెలలకి దగ్గరగానే వచ్చింది. నాడి చదివే యంత్రం కంటే తన జ్ఞాపకం గొప్పదా అనుకుని ఏడ్చింది.

పదిహేను రోజులయ్యాక శేషారత్నం స్వయంగా ఆ మేడ మెట్లు ఎక్కి వచ్చింది. అనుభవమాని పాత సర్వర్ మార్చారట, మార్చిన దగ్గర్నుంచి తెరమీద తెలుగంతా డబ్బాలు డబ్బాలుగా వస్తోందట. కోడ్ రాసే యంత్రాలకి అప్పగిస్తే అవి డబ్బాలని ఇంకా అందంగా, ఒకే కొలతలో పేర్చి ఇచ్చాయట.

"కాగితం సంగతి కాస్త పక్కన పెట్టండి. ఈ పని మీరు తప్ప ఇంకెవరూ చెయ్యలేరని అందరూ చెబుతున్నారు," అంది. పసుపు కాగితంతో ఎలా చెయ్యనని అనసూయ అడిగితే, పేరుకి తన కింద సహాయకురాలిగా రాసుకుంటానంది.

అనసూయ వెళ్లింది. అహం అడ్డొచ్చినా వెళ్లింది, తెలుగు డబ్బాలై ఉంటే ఆమె చూడలేదు. లిపిసంకేతం, అంటే ఏ అంకెకి ఏ అక్షరమో చెప్పే ఎన్‌కోడింగ్, ఎక్కడ తప్పిందో గంటలో పట్టుకుంది. సరిచేసి ఒక్కో ఫైలూ తెరుస్తుంటే డబ్బాలు అక్షరాలవుతూ వచ్చాయి. ఒక ఫైలులో మాత్రం డబ్బాలు ఈ నెలవి కావు. ఎన్నో ఏళ్ల క్రితం, అంతకుముందు సర్వర్ మార్చినప్పుడు చెడిపోయినవి. వాటినీ సరిచేసింది. ఒక వ్యాఖ్య బయటపడింది.

'ఇది డెమో కోసం. గ్రాహకం లెక్క వచ్చాక ఈ లైను తీసేయాలి. అన.'

అన అంటే అనసూయ. తన వ్యాఖ్యల కింద ఆమె అలాగే రాసుకునేది.

అప్పుడు గుర్తొచ్చింది. పదిహేనేళ్ల క్రితం ఒక మధ్యవర్తి తెచ్చిన మూడు రోజుల పని. అసలు మనుషులెవరో చెప్పలేదు. మీటరులాంటి తెర కావాలి, సెన్సర్ ఇంకా సిద్ధం కాలేదు, చూపించడానికి ప్రస్తుతం ఏదో ఒక అంకె వస్తే చాలు అన్నారు. వెబ్ పనిలో ఇది రోజూ జరిగేదే. అసలు లెక్క వచ్చేదాకా ఒక నమూనా అంకె పెడతారు, డమ్మీ అంటారు. కానీ ఏదో ఒకటి పెడితే నమ్మేలా ఉండదని ఆమె కాస్త బుర్ర పెట్టింది. మనిషి చెప్పిన ఏళ్లని మూడుతో భాగించింది, ఒకటి చేసి మూడు పెట్టే లోకమే కదా అని. అంకె మరీ గుండ్రంగా ఉండకూడదని, పేరులో ఎన్ని అక్షరాలుంటే అన్ని నెలలు కలిపింది. పని అప్పజెప్పిన మర్నాడే మరిచిపోయింది.

గ్రాహకం నుంచి వచ్చే సమాచారం ఎటు పోతోందో వెతికింది. అది బుద్ధిగా వచ్చి ఒక ఫైలులో చేరుతోంది. ఆ ఫైలుని ఇంతవరకూ ఎవరూ, ఏదీ తెరవలేదు. లెక్కంతా ఆ ఒక్క లైనుదే. ఇరవై అయిదుని మూడుతో భాగిస్తే ఎనిమిదేళ్ల నాలుగు నెలలు, అ-న-సూ-య నాలుగు నెలలు. రెండోసారి కూర్చున్నవాళ్లకి మొదటిసారి కంటే తక్కువ ఎందుకొస్తుందో కూడా తెలిసింది. బోర్డు చూసి భయపడి వాళ్లు తగ్గించి చెబుతారు, లైను తగ్గించి ఇస్తుంది. జనం దారికి వచ్చారని కార్యాలయం రాసుకుంటుంది.

నిజం చెప్పాలంటే ఆమెకి ముందు కలిగింది గర్వం. నూట నలభై చిరునామాల్లో ఏదీ బతకలేదు, ఇది బతికింది. రాష్ట్రంలో ప్రతి గోడమీదా ఉన్నది తన పనే. ఆ గర్వం అరనిమిషం కూడా నిలవలేదు, సంగీతం మాస్టారు గుర్తొచ్చాడు.

కోడ్ ఎవరో తెరిచారని తెలిసి మూడో రోజు డాక్టర్ నీలాద్రి కాకినాడ వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి, బక్కపల్చగా, మాటకి ముందు దగ్గుతూ ఉంటాడు. శేషారత్నాన్ని బయటికి పంపి అనసూయ ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ లైను మీదేనా అమ్మా?"

"నాదేనండి. తీసేయాలని కూడా రాశాను."

"తెలుగులో రాశారు. అది డబ్బాలైపోయింది. డబ్బాల్ని ఎవరు చదువుతారు?"

"మీకు తెలీదా మరి?"

తెలుసన్నాడు ఆయన. దాచే ప్రయత్నం చెయ్యలేదు. నాడీతొడుగు నిజం, గ్రాహకం కూడా నిజమేనట. ఎలుకలమీద చక్కగా పనిచేసింది. మనుషులమీద పొద్దున చూపిన అంకె మధ్యాహ్నం చూపేది కాదు. ఇంకో ఏడాది దొరికితే సర్దుకుంటుందనుకున్నారు, ఈలోగా మంత్రిగారికి డెమో చూపించాల్సి వచ్చింది. ఆయన టోపీ పెట్టుకుని నలభై రెండేళ్ల ప్రజాసేవ అన్నాడు. తెర పద్నాలుగేళ్ల చిల్లర చూపించింది. కొంప మునిగిందని గదిలో అందరూ బిగుసుకుపోయారు. మంత్రి టోపీ తీసేసి, ఈ అంకె బయటికి చెప్పరు కదా అని మాత్రం అడిగాడు. నెల తిరక్కుండా రాష్ట్రమంతా యంత్రాలు పెట్టమని ఉత్తర్వు వచ్చింది.

"అబద్ధమని తోస్తే అరిచేవాడే. దొరికిపోయాననుకున్నాడు," అన్నాడు నీలాద్రి. "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నారమ్మా, అందరూ. నాలుగు కోట్లమంది కూర్చున్నారు. ఫిర్యాదులు మూడు వందలు దాటలేదు."

"ఆ మూడు వందల మంది ఎవరండీ?"

"నిజం చెప్పినవాళ్లు అయ్యుంటారు."

అనసూయకి ఆ గొంతులోని మామూలుతనం చూసి ఒళ్లు మండింది. మీరెప్పుడైనా ఆ టోపీ కింద కూర్చున్నారా అని అడిగింది.

"కూర్చున్నాను. డమ్మీ అని తెలిసే కూర్చున్నాను. ముప్పై తొమ్మిది చెబితే పదమూడు పైన వచ్చింది. ఇంటికి వెళ్లి, శిష్యులు చేసినవి, అదృష్టం చేసినవి తీసేసి నేను నిజంగా చేసింది ఎంత అని లెక్క వేసుకున్నాను." ఆయన దగ్గాడు. "పదమూడే తేలిందమ్మా."

ఆ లైను ఇప్పుడే తీసేస్తానంది ఆమె. ఆయన ఆపలేదు. తీసేస్తే దాని చోట ఏం పెడతారని మాత్రం అడిగాడు. గ్రాహకం ఇవాళ్టికీ సిద్ధంగా లేదు. నాలుగు కోట్ల కాగితాలు చెల్లకుండా పోతాయి, మళ్లీ బయోడేటాల రోజులు వస్తాయి. ఆ లైను రాసిందెవరని అడిగినప్పుడు పేరు బయటికొచ్చేది ఆమెదే. దానికి బదులు ఈ కోడ్‌ని ఆమే చూసుకుంటే బాగుంటుందన్నాడు. ఫిర్యాదులకి జవాబులూ ఆమే రాయవచ్చు. ఎవరి కిందా కాదు, స్వతంత్రంగా, తన మేడమీద గదిలోనే కూర్చుని. అయితే స్వతంత్రంగా పని పట్టాలంటే పచ్చకాగితం ఉండాలి. ఎంత చెప్పాలో ఆయన చెప్పలేదు. ఆమెకి రెండోసారి కూర్చునే హక్కు ఇంకా ఉందని గుర్తుచేసి లేచాడు.

అనసూయ నాలుగు రోజులు ఆలోచించింది. ఒక్క మాట బయటపెడితే తన పాతికేళ్లూ తనకి దక్కుతాయి, కానీ ఆ పాతికేళ్లని నమ్మడానికి ఏ కాగితమూ ఉండదు. మాట్లాడకపోతే స్నేహితురాలి కింద చేరాలి. పచ్చకాగితం తీసుకుంటే కోడ్ తన చేతిలో ఉంటుంది, ఎప్పటికో ఒకప్పటికి గ్రాహకాన్ని తనే సరిచేసి ఆ లైను తీసెయ్యవచ్చు. అప్పటిదాకా ఇది తాత్కాలికమే కదా అని మనసుకి నచ్చజెప్పుకుంది. మనసు త్వరగానే ఒప్పుకోవడం ఆమెకే ఆశ్చర్యంగా అనిపించింది.

అయిదో రోజు టోపీ పెట్టుకుంది. తెర మూడో ప్రశ్న అడిగింది. అందరిలా గుండ్రంగా ముప్పై చెప్పలేదు. లెక్క కట్టుకునే వెళ్లింది కాబట్టి అవసరమైనంతే చెప్పింది. ఇరవై తొమ్మిది. పదకొండు నిమిషాల తర్వాత శేషారత్నం పచ్చకాగితం అందిస్తూ, మొదటిసారి కంగారులో చేతులు సరిగ్గా పెట్టి ఉండరని అంది. 'వెబ్ నిర్మాణం: పదేళ్లు.'

ఏడాది గడిచింది. గ్రాహకం లెక్క అనసూయ మొదలుపెట్టింది, మధ్యలో వేరే పనులు వచ్చాయి. పచ్చకాగితం చూసి పనులు బాగానే వస్తున్నాయి. ఫిర్యాదులకి జవాబులు రాస్తోంది. ఫలానా తేదీన తీసిన కొలత పరిశీలించాం, యంత్రంలో లోపం కనబడలేదు. మొదటి పదీ ఒక్కొక్కటే తన చేత్తో టైపు చేసింది. తర్వాత ఆ వాక్యాన్ని ఒక్క మీట నొక్కితే వచ్చేలా పెట్టుకుంది.

ఒకరోజు పొద్దున గరికిన నూకరాజు అనే ఆయన జవాబు కోసం ఆగకుండా స్వయంగా మేడ ఎక్కి వచ్చాడు. తాళ్లరేవులో చెక్కపడవలు కట్టే వడ్రంగి. అరవై దాటాయి. కుర్చీ చూపించినా చాలాసేపు కూర్చోలేదు.

పసుపు వచ్చిందా అని అడిగింది ఆమె.

"లేదండి. పచ్చదేనండి, పనికేం అడ్డు లేదండి. దానికి కాదండి వచ్చింది." మడత పెట్టిన కాగితం రెండు చేతులతో ఆమె ముందు పెట్టాడు. "నలభై ఏళ్లు చేశానండి. పదమూడేళ్ల ఎనిమిది నెలలని వచ్చిందండి. మిగతా ఇరవయ్యారేళ్లూ నేనేం చేసినట్టండి?"

అనసూయ కాగితం కేసి చూడలేదు, ఆయన చేతుల కేసి చూసింది. ఎడమ బొటనవేలి గోరు ఎన్నడో సుత్తి దెబ్బకి చితికి మళ్లీ సరిగ్గా రాలేదు. అరచేతుల్లో కాయలు కాచి నల్లగా గట్టిపడ్డాయి. ఆ చేతులకి యంత్రం అక్కర్లేదు. ఈయనా నీలాద్రి చెప్పిన ఆ మూడు వందల మంది లాంటివాడే, రూపాయికి రూపాయి నిజం చెప్పినవాడు. ఒక్క మాట చెబితే తల ఎత్తుకుని ఇంటికెళతాడు. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"యంత్రం ఒక్కోసారి..." అంది.

ఆయన ముందుకి వంగాడు. ఆమెకి ఆయన వెనక గోడమీద తన పచ్చకాగితం కనిపించింది. రెండోసారి అబద్ధం చెబితే జన్మంతా పసుపే అన్న బోర్డు కూడా కళ్లముందు మెదిలింది.

"యంత్రం ఒక్కోసారి మనకి తెలియనివి చెబుతుందండి. అది నాడుల్ని చదువుతుంది కదా."

నూకరాజు అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు.

"ఆయ్, నిజమేనండి," అన్నాడు. "మా అయ్య ఉన్నన్నాళ్లూ ఆయన గీసిన గీత మీదే కోశానండి. అదంతా నా లెక్కలోకి రాదండి. కొన్ని పడవలు కడుతుంటే నా ఆలోచన ఎక్కడో ఉండేదండి, అవీ తీసేసుంటది. మా చిన్నాడు సముద్రంలో పోయాక మూడేళ్లు చేతులు ఆడాయి గానీ నేను లేనండి." వేళ్లమీద లెక్క పెట్టుకుంటూ ఒక్కో ఏడాదే వదిలేస్తున్నాడు. "సరిపోతదండి. పదమూడే అయ్యుంటది."

ఆమె వద్దండి అనబోయి, కాగితాన్ని ఆయన వైపు జరిపింది.

లేవబోతూ ఆయన వెనక్కి తిరిగి గోడమీది కాగితం చూశాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"తమరికి పదేళ్లాండి? నెలల ముక్క కూడా లేకుండా, సరిగ్గా పది." ఆయన మొహంలో నిజమైన గౌరవం కనిపించింది. "తమరు ఒక్క రోజు కూడా వృథా పోనిచ్చుండరండి."

రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఒక్కో మెట్టే చూసుకుంటూ దిగి వెళ్లిపోయాడు. అనసూయ ఆయన అర్జీ తెరిచి, చివర ఖాళీగా ఉన్న గడిలో 'అర్జీదారు సంతృప్తి చెందారు' అని రాసి, కింద అన అని సంతకం పెట్టింది.